‘బాగుండాను’ అన్న మాటకు మీరు కట్టిన వెల

గౌరవనీయులైన సాధారణ బీమా సంస్థల యాజమాన్యాలకు, వాటి క్లెయిమ్ విభాగాల అధికారులకు, హైదరాబాదులో కొలువున్న బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షులవారికి,



మా వైపు ఎదురైన మనిషిని “ఎట్లుండావన్నా?” అని అడుగుతారు. “బాగుండానప్పా” అని జవాబు వస్తుంది. ఇంట్లో దినాలు జరుగుతున్నా అదే జవాబు. జ్వరంతో కాళ్ళు వణుకుతున్నా అదే జవాబు. అది మర్యాద మాట. అడిగినవాడి మనసు కష్టపెట్టకూడదని చెప్పే మాట. బాగేపల్లిలో, చింతామణిలో, చిక్కబళ్ళాపురంలో పెరిగిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. మీరు పంపిన ఇన్వెస్టిగేటరుకూ తెలుసు, అతను మాట్లాడింది మా తెలుగే. అయినా అతను ఇంగ్లీషులో రాసిచ్చిన నివేదికలో ఆ ఒక్క మాట ‘తాను పూర్తి ఆరోగ్యంగా ఉన్నానని క్లెయిమ్‌దారు స్వయంగా ఒప్పుకున్నాడు’ అని మారిపోయింది. నా చేత ఈ లేఖ రాయిస్తున్నది ఆ వాక్యమే.

నేను బాగేపల్లి తాలూకాలో ముప్పై ఏళ్ళకు పైగా పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కోర్టు కాగితంలో ఇంగ్లీషు. మా ఊళ్ళు ఈ మూడింటి మధ్య బతుకుతాయి. అందుకని ఏదో ఒక కాగితం చేతపట్టుకొని మా ఇంటి అరుగెక్కేవాళ్ళు ఈనాటికీ తగ్గలేదు. వాళ్ళలో ఒకడు నా దగ్గర ఐదో తరగతి దాకా చదివిన పిల్లవాడు. ఇప్పుడు నలభై దాటాడు. ఒక రాతి క్వారీలో కంప్రెసర్ డ్రిల్లు పట్టేవాడు. బండ జారి నడుము మీద పడింది. వెన్నులో రాడ్లు వేశారు. అతని పేరు చెప్పను, ఊరు చెప్పను, కేసు నడిచిన కోర్టు చెప్పను, మీలో ఏ సంస్థ ఈ పని చేయించిందో కూడా చెప్పను. ఒకసారి అతన్ని చాటుగా చూసి నలుగురిలో పెట్టారు. రెండోసారి ఆ పని నా చేతులమీదుగా జరగకూడదు.

కోర్టులో సీడీ వేసిన రోజు నేను వెనక బెంచీలో ఉన్నాను. మొదటి తునకలో అతను ఫిల్టరు నీళ్ళ దగ్గర ఇరవై లీటర్ల క్యాను ఎత్తి మోపెడ్ మీద పెట్టుకుంటున్నాడు. రెండోదాంట్లో గురుపూర్ణిమకు కైవారం పోయి, యోగి తాతయ్య మఠంలో పంక్తిలో నేలమీద బాసింపట్టు వేసుకొని అన్నం తింటున్నాడు. మూడోది చింతామణి టమోటా మార్కెట్టులో తెల్లవారుజామున తీసింది. పదిహేను కిలోల పెట్టెలు లారీకి అందించే వరుసలో అతనూ ఉన్నాడు. నాలుగోది అతని వాకిట్లో. గొర్రెలు కొంటామని చెప్పుకొని ఇద్దరు వచ్చి మాటల్లో పెట్టారు. ఒకడి చొక్కా జేబులో ఫోను నడుస్తూనే ఉంది. ఆ ‘బాగుండాను’ అక్కడిదే.

ఆ తునకలోనే అంట్లు తోముతున్న అతని కూతురు కూడా పడింది. పదో తరగతి చదివే పిల్ల. ఆ పిల్ల ఏ పరిహారం అడిగిందని మీ సీడీలోకి ఎక్కాలి? ఆ బొమ్మ ఇప్పుడు ఎవరి కంప్యూటరులో ఉంది? దాన్ని చెరిపేయండయ్యా అని అడగడానికి ఆ తల్లి ఎవరి తలుపు తట్టాలి?

అన్నీ కలిపితే ఆరు నిమిషాలు కూడా లేదు. ఈ ఆరు నిమిషాల కోసం ఎన్నాళ్ళు వెంటపడ్డారో నివేదికలో రాయలేదు. తక్కిన గంటల్లో అతను ఏం చేశాడో రాయలేదు. టమోటా పెట్టెలు అందించిన ఆ తెల్లవారి తర్వాత మూడు రోజులు అతను మంచం దిగలేదు. ఆ సంగతి నాకు తెలుసు, పోయి పలకరించి వచ్చినవాణ్ణి. భార్య ఆముదం వేడిచేసి నడుముకు రాస్తోంది. పక్కకు తిరగడానికి ఆమె భుజం పట్టుకోవలసి వస్తోంది. కైవారం పంక్తిలో కూర్చున్నవాణ్ణి లేపడానికి ఇద్దరు చేయి అందించారని వాళ్ళ బావమరిది చెప్పాడు. కూర్చున్నంతసేపూ తీసిన కెమెరా లేచేటప్పుడు ఎందుకు ఆగిపోయింది?

ఇక మీ వకీలు అడిగిన ప్రశ్నకు వస్తాను. “పెట్టెలు మోసింది నువ్వు కాదా?” అవును, అతనే. మోశాడు. నేను దాచను, అతనూ దాచలేదు. ఎందుకు మోశాడో మాత్రం ఆ రోజు ఎవరూ అడగలేదు. ఇప్పుడు మీరు వినండి.

ప్రమాదం జరిగి అప్పటికి పద్నాలుగు నెలలు. ఆ పద్నాలుగు నెలల్లో పరిహారం కింద ఆ ఇంటికి ఒక్క రూపాయి చేరలేదు. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం ఏమంటుంది? మనిషి పనికి పోలేని స్థితిలో ఉన్నంతకాలం పదిహేను రోజులకోసారి నెల జీతంలో నాలుగో వంతు ఇవ్వాలంటుంది. వైద్యానికి అయిన అసలు ఖర్చు ఇవ్వాలంటుంది. బాకీపడిన నెలలోగా పరిహారం చెల్లించాలంటుంది. అడిగినంత ఇవ్వడానికి మీరు ఒప్పుకోకపోతే, ఎంతకు ఒప్పుకుంటారో అంతైనా ముందు ఇచ్చి, మిగతాదానికి వాదించుకోమంటుంది. ఈ బాధ్యతలన్నీ చట్టం ప్రకారం యజమానివి. ఆ భారం మోస్తామని ప్రీమియం పుచ్చుకొని పాలసీ రాసిచ్చింది మీరు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. గనుల చట్టం కిందికి వచ్చిన క్వారీ కూలీకి అప్పట్లో అదీ లేదు. దెబ్బ తగిలిన రోజున అతనికున్న దిక్కు మీ పాలసీ ఒక్కటే.

ఆ దిక్కు పద్నాలుగు నెలలు తలుపు మూసుకుంటే ఏమవుతుంది? అంగట్లో అప్పు నిలిచిపోతుంది. సంఘంలో కట్టవలసిన వారం కంతు మీదపడుతుంది. పిల్ల పరీక్ష ఫీజు కట్టాలి. అప్పుడు నడుములో రాడ్లు ఉన్నా మనిషి లేచి మార్కెట్టుకు పోతాడు, పెట్టెకింత అని కూలి తీసుకుంటాడు, మూడు రోజులు పడుకుంటాడు. మీరు డబ్బు ఆపారు కాబట్టి అతను పనికి పోయాడు. అతను పనికి పోయాడు కాబట్టి డబ్బు అక్కర్లేదన్నారు. ఇది ఏ ధర్మం? ఆ మూడో తునక అతని అబద్ధానికి సాక్ష్యమని మీరు కోర్టులో పెట్టారు. నేను చూసింది వేరు. అది మీ జాలిలేని జాప్యానికి సాక్ష్యం. దాని మీద తేదీ కూడా మీరే వేసుకున్నారు.

జాప్యానికి మీకు పడే శిక్ష ఎంత? ఆలస్యమైతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే బాకీలో సగం దాకా జరిమానా అని చట్టం. కానీ ఆ జరిమానా యజమాని నెత్తిన పడుతుందేగానీ బీమా సంస్థ మీద పడదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు తగిలేది వడ్డీ మాత్రమే. ఏడాది సాగదీసినందువల్ల మీ లెక్కల పుస్తకంలో పడే బరువు అంతే. ఆ ఏడాదిలో ఆ ఇంట్లో అమ్ముకున్న రెండు ఆవులకూ, మానేసిన ఫిజియోథెరపీకీ ఏ పుస్తకంలో లెక్క ఉంది?

శాతం అన్న మాట కోర్టులో చాలాసార్లు వినబడుతుంది. వినేవాళ్ళకు దాని విలువ తెలియాలి. ప్రమాదం నాటికి నలభై నిండిన మనిషికి ఆ చట్టం పట్టికలో ఉన్న గుణకం 184.17. 2020 జనవరి నుంచి లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. అందులో 60 శాతాన్ని గుణకంతో హెచ్చిస్తే 16,57,530 రూపాయలు. అంటే అతని సంపాదనా శక్తిలో ఒక్కో శాతం విలువ 16,575 రూపాయలు. డాక్టరు 35 శాతం నష్టమని రాస్తే 5,80,135. ఆ ఆరు నిమిషాలు చూపించి దాన్ని 10 శాతానికి దించితే 1,65,753. తేడా నాలుగు లక్షలు దాటింది. క్వారీలో మళ్ళీ ఎప్పటికీ డ్రిల్లు పట్టలేని మనిషికి మిగిలిన జీవితం మీద అది కోత.

బొటనవేలు తెగితే 30 శాతమని చట్టం షెడ్యూలులో రాసే ఉంది. అక్కడ మీ కెమెరాకు పని లేదు, తెగిన వేలు అందరికీ కనిపిస్తుంది. మీ కెమెరా వెతుక్కుంటూ పోయేది షెడ్యూలులో లేని దెబ్బల కోసం. వెన్ను, భుజం, తుంటి, నరం. పైకి కనిపించని దెబ్బను పైపైన కనిపించే కదలికతో కొలవాలని చూస్తారు. మా దగ్గర రాతిపొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడినవాళ్ళు ఉన్నారు. సిలికోసిస్‌ కూడా పరిహారం ఇవ్వవలసిన వృత్తిరోగమే. అలాంటి మనిషి బస్టాండులో నిలబడి బీడీ అడుక్కుంటున్నట్టు మీకు వీడియో దొరకవచ్చు. నాలుగు మెట్లెక్కి ఆయాసంతో గోడకు ఆనుకున్న ఊపిరి అందులో కనిపిస్తుందా?

చట్టం అడిగే ప్రశ్న ఒకటి, మీ వీడియో చెప్పే జవాబు మరొకటి. మనిషి చేయి ఎత్తగలడా, నేలమీద కూర్చోగలడా అన్నది చట్టం ప్రశ్న కాదు. ప్రమాదానికి ముందు ఏ పని చేసి బతికాడో ఆ బతుకు ఎంత పోయింది అన్నది ప్రశ్న. ఒక సినిమా హాలులో అలంకారపు చెక్కపని చేస్తూ కిందపడి, ఎడమ చేయి మోచేతి పైదాకా తీసేయించుకున్న వడ్రంగి కేసు మీ వకీళ్ళందరికీ తెలుసు. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటారు. షెడ్యూలు ప్రకారం శాతం కట్టాలని యజమాని వాదించాడు. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి నష్టం నూటికి నూరు అని 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ వడ్రంగికి కుడిచేయి ఉంది. ఆ చేత్తో అతను బజారులో కూరగాయల సంచి మోసి ఉంటాడు, పిల్లల్ని ఎత్తుకొని ఉంటాడు. దాన్ని వీడియో తీసి ఉంటే న్యాయం మారేదా? అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. పరిహారం బాకీపడేది ప్రమాదం జరిగిన రోజునే, కోర్టు తేల్చిన రోజున కాదు. యాభై ఏళ్ళుగా అమల్లో ఉన్న ఈ మాట మీ క్లెయిమ్ విభాగాల దాకా ఎందుకు చేరలేదు?

అనుమానం రావడం తప్పు కాదు. అనుమానం తీర్చుకునే దారి చట్టంలోనే ఉంది. 1923 చట్టం పదకొండో సెక్షను చూడండి. దెబ్బతిన్నవాణ్ణి తమ ఖర్చుతో అర్హుడైన డాక్టరు చేత పరీక్ష చేయించే హక్కు యజమానికి ఇచ్చింది. కార్మికుడు కారణం లేకుండా పరీక్షకు రాకపోతే అతని పరిహారపు హక్కు అప్పటికి నిలిచిపోతుందని కూడా రాసింది. ఇంతకన్నా బలమైన ఆయుధం ఏం కావాలి? పట్టపగలు, డాక్టరు ముందు, ఎక్స్‌రే, ఎమ్మారై పెట్టుకొని, మనిషికి చెప్పి చేసే పరీక్ష అది. మా వాణ్ణి మీరు ఒక్కసారి కూడా పరీక్షకు పిలవలేదు. చికిత్స చేసిన డాక్టరును క్రాస్ చేయడానికి వచ్చిన వకీలు చేతిలో ఇంకో డాక్టరు నివేదిక లేదు, సీడీ ఉంది. చట్టం మీకు డాక్టరును ఇస్తే మీరు గొర్రెల బేరగాణ్ణి ఎందుకు పంపారు?

దొంగ క్లెయిములు లేవని నేను అనను. ఉత్తరప్రదేశ్‌లో మోటారు ప్రమాదాల పేరుతో, కార్మిక పరిహారం పేరుతో దొంగ కేసులు వేశారని 2015లో అలహాబాదు హైకోర్టు ఆదేశం మీద ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పడింది. 2021లో సుప్రీంకోర్టు కూడా ఆ వ్యవహారాన్ని గట్టిగా పట్టించుకుంది. నేరంలో వకీళ్ళ పాత్ర కూడా బయటికి వచ్చింది. అలాంటి మోసం జరిగేది కాగితాల్లో. పట్టుకోవాలంటే ఆసుపత్రి రిజిస్టరు తిరగేయాలి, పోలీసు రికార్డు చూడాలి, హాజరు పుస్తకం అడగాలి. ఆ పని మీరు చేయండి, మేమే తోడు వస్తాం. దొంగ క్లెయిము వల్ల ముందు నష్టపోయేది నిజంగా దెబ్బతిన్నవాడే. కానీ మా వాడికి బండ తగిలిందన్నది మీరూ కాదనలేదు. ఆపరేషను జరిగిందన్నది కాదనలేదు. కాదనడానికి ఏమీ లేనిచోట మిగిలింది అతన్ని అబద్ధాలకోరుగా నిలబెట్టడం ఒక్కటే.

ఇక్కడ మీ బాధ్యత గురించి గట్టిగా అడగవలసింది ఒకటుంది. ప్రమాదం తర్వాత ఇంత శ్రద్ధగా కూలీ వెంట తిరిగే మీరు, పాలసీ ఇచ్చే ముందు క్వారీకి ఎన్నిసార్లు పోయారు? మా జిల్లాలో హిరేనాగవల్లి దగ్గర 2021 ఫిబ్రవరి 22 అర్ధరాత్రి దాటాక జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. పోలీసుల దాడులకు భయపడి, దాచిన జిలెటిన్‌ను పారేయడానికి తీసుకుపోయినప్పుడు జరిగిన ఘోరమది. దానికి నెల ముందే, జనవరి 21న, శివమొగ్గ దగ్గర హుణసోడులో అలాంటిదే జరిగింది. పేలుడు సామాను ఎక్కడ పెడుతున్నారు, బండ అంచున పనిచేసేవాడి నడుముకు తాడు ఉందా, హెల్మెట్టు ఉందా, డ్రిల్లు దగ్గర నీళ్ళు చల్లుతున్నారా అని చూడడానికి మీకు హక్కుంది, అవసరమూ ఉంది. అక్కడ కెమెరా పెట్టండి. పట్టపగలు పెట్టండి. ఒక్క క్వారీలో ఒక్క బండ జారకుండా ఆపితే మీకూ డబ్బు మిగులుతుంది, ఒక ఇల్లూ నిలబడుతుంది. ఆ ఖర్చు పెట్టని సంస్థకు మంచానపడ్డవాడి వాకిట్లో చాటుగా ఫోను నడిపే నైతిక అర్హత ఎక్కడిది?

బీమా ప్రాధికార సంస్థవారికి విడిగా విన్నవిస్తున్నాను. కాలిపోయిన గోదాము నష్టం లెక్కగట్టే సర్వేయరుకు మీ లైసెన్సు కావాలి. అతను చేయవలసినవి, చేయకూడనివి మీరు రాసిపెట్టారు. గోదాము విషయంలో ఇంత జాగ్రత్త తీసుకున్న మీరు, ఒక మనిషి వెంట వారాల తరబడి తిరిగేవాడికి ఏ నియమం పెట్టారు? ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీలను అదుపులో పెట్టే బిల్లు 2007లో రాజ్యసభకు వచ్చింది, చట్టం కాలేదు. పాలసీదారుల ప్రయోజనాలు కాపాడే నిబంధనలు మీ దగ్గర ఉన్నాయి. మా క్వారీ కూలీ పాలసీదారు కాడు. పాలసీ యజమాని పేరు మీద ఉంటుంది, దెబ్బ కూలీ ఒంటిమీద ఉంటుంది. మరి ఈ మనిషిని కాపాడే నిబంధన ఏది?

ఈ చిక్కు మన దేశానికే వచ్చింది కాదు. స్విట్జర్లాండులో ప్రమాదంలో దెబ్బతిన్న ఒక స్త్రీ వెంట బీమా సంస్థ డిటెక్టివులను పెట్టింది. ఆ నిఘాకు స్పష్టమైన చట్టం లేదు కాబట్టి ఆమె వ్యక్తిగత జీవితపు హక్కుకు భంగం కలిగిందని 2016 అక్టోబరు 18న ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత అక్కడ చట్టం రాశారు. 2018 నవంబరులో ప్రజల ఓటుకు పెట్టి అమల్లోకి తెచ్చారు. ఆ చట్టం నిఘాను ఒప్పుకుంది, నాకు అది నచ్చలేదు. కానీ హద్దులు గీసింది. ఆరు నెలల్లో ముప్పై రోజులకు మించి వెంటపడకూడదు, ఆ తర్వాత ఆ మనిషికి సంగతి చెప్పాలి. మన దగ్గర ఆ మాత్రం గీత కూడా లేదు.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠంతో చెప్పారు. ఆ వ్యాజ్యం వేసిన పుట్టస్వామిగారు మన కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి రిటైరైనవారు. ఆ హక్కులో చేయి పెట్టాలంటే చట్టం ఉండాలి, తగిన అవసరం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు అన్నారు. మీలో నాలుగు కంపెనీలు ప్రభుత్వానివే. గొర్రెల బేరమని అబద్ధం చెప్పి వాకిట్లోకి రావడానికి ఏ చట్టం మీకు అనుమతి ఇచ్చింది? ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీవాళ్ళు ఆ సర్టిఫికెట్ తెచ్చి జతచేశారు. ఏ ఫోనుతో తీశారో అది చెబుతుంది. ఎంత కత్తిరించి పారేశారో చెప్పదు.

ఇంకా బాధపెట్టిన సంగతి, ఆ వీడియో మొదట కోర్టుకు రాలేదు. మొదట రాజీ మాటలకు వచ్చింది. “ఇది చూశావు కదా, కేసు నడిస్తే నీకే నష్టం, ఇంతకు సంతకం పెట్టు” అన్నారు. పరిహారపు హక్కును వదులుకునే ఏ ఒప్పందమూ చెల్లదని ఆ చట్టం పదిహేడో సెక్షను. రాజీ పత్రాన్ని పరిహార కమిషనరు దగ్గర రిజిస్టరు చేయించాలని, ఒత్తిడి పెట్టి రాయించినదైతే కమిషనరు తిరస్కరించవచ్చని ఇరవై ఎనిమిదో సెక్షను. మా వాడికి ఇవేవీ తెలియవు. భయం మాత్రం తెలుసు. వాడు సంతకం పెట్టకుండా ఆగింది నా అరుగెక్కి అడిగాడు కాబట్టి. అరుగు దొరకనివాళ్ళు ఎందరు సంతకాలు పెట్టి ఉంటారు?

1923 నాటి ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. కొత్త కోడ్ కింద పద్ధతులు కుదురుకుంటున్న సమయం ఇది. ఇప్పుడే అడగాలి కాబట్టి అడుగుతున్నాను. డాక్టరు చేత పరీక్ష చేయించకుండా ఏ బీమా సంస్థా నిఘా పెట్టకూడదని ఆదేశించండి. నిఘా పెట్టేముందు అనుమానానికి కారణం రాసి, ఒక బాధ్యతగల అధికారి పేరుతో సంతకం చేయాలని చెప్పండి. అబద్ధపు పేరుతో ఇంట్లోకి పోయి తీసినది సాక్ష్యంగా తేవద్దనండి. ఇంటివాళ్ళ, పిల్లల బొమ్మలు తీయకూడదనండి. తీసిన వీడియో అంతా, ఒక్క క్షణం కత్తిరించకుండా, కేసుకు ముందే ఆ మనిషి చేతికి ఇవ్వాలనండి. ఇన్వెస్టిగేటరు తెలుగులో విన్న మాట తెలుగులోనే, అన్నది అన్నట్టు రాయాలనండి. అన్నిటికన్నా ముందు, చట్టప్రకారం ఇవ్వవలసిన తొలి సొమ్ము ఇవ్వకుండా ఆపిన కాలంలో కూలీ చేసిన ఏ పనినీ అతనికి వ్యతిరేకంగా వాడకూడదనండి. వీటిలో ఏ ఒక్కదానికైనా పెద్ద ఖర్చు ఉందా? పార్లమెంటు దాకా పోవలసిన పని ఎంత, మీ ఒక్క సర్క్యులరుతో అయ్యే పని ఎంత, ఒకసారి లెక్క చూడండి.

మా వాడి కేసు తేలింది. వచ్చింది అడిగినదానికి తక్కువ, మీరు ఇస్తామన్నదానికి ఎక్కువ. అప్పు తీరింది. ఇప్పుడు అతను కైవారం పోవడం మానేశాడు. వాకిట్లోకి కొత్తమనిషి వస్తే ఆ పిల్ల లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. మొన్న సంతలో ఎదురుపడితే “ఎట్లుండావురా?” అన్నాను. చుట్టూ ఒకసారి చూశాడు, “ఉండాను సార్” అన్నాడు.

ప్రాధికార సంస్థ అధ్యక్షులవారూ, మీ హైదరాబాదు నుంచి వచ్చే 44వ జాతీయ రహదారి మా బాగేపల్లి మీదుగానే పోతుంది. ఒక్కరోజు రండి. క్వారీల్లో, క్రషర్లలో, పట్టు తీసే చర్కాల దగ్గర, బెంగళూరు కట్టడాల మీద దెబ్బతిని ఇల్లు చేరినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు నేను తీసుకుపోతాను. మీరెవరో ముందే చెప్పి, తలుపు తట్టి, ఎట్లుండారో వాళ్ళనే అడుగుదాం.

ఇట్లు,
బాగేపల్లి తాలూకాకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు